ప్రమాణం సైటు ఎవరి కోసం? యూనికోడ్ ఉదాహరణతో తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీ ఎవరికి పనికొస్తుంది?

ఏదైనా సాఫ్ట్‌వేర్ ప్రమాణానికి డాక్యుమెంటేషన్ సైటు కట్టేవారికి, లేదా ఉన్న సైటును సర్దేవారికి. ప్రమాణం అంటే ప్రోగ్రామ్ కాదు. ఎవరికి వారు రాసుకునే ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి పొసగడానికి అందరూ ఒప్పుకున్న నియమాల పాఠం అది. మాటలు గాలిలో తేలిపోకుండా ఒకే ఉదాహరణ పట్టుకున్నాను: యూనికోడ్, అంటే కంప్యూటర్లన్నీ ఒకేలా చదివేలా లిపుల్లోని ఒక్కో గుర్తుకు ఒక్కో సంకేతం కేటాయించే ప్రమాణం. మీరిప్పుడు చదువుతున్న అక్షరాలు తెర మీదికి వచ్చింది దాని పుణ్యమే. 1991లో మొదటి వెర్షన్ వచ్చినప్పటి నుంచీ అందులో తెలుగు ఉంది, 128 గళ్ల బ్లాకు మనది.

"డెవలపర్ల కోసం" అని ఒక్క ముక్క రాస్తే సరిపోదా?

సరిపోదు. ఎందుకో చెప్పడానికి "స్త్రీ" అన్న మాట చాలు.

మన కంటికి అది ఒక్క అక్షరం. యూనికోడ్ లెక్కలో ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. ఆ సంకేతాలను బైట్లుగా దాచే పద్ధతుల్లో ఒకటైన యూటీఎఫ్-8లో దాచితే ఒక్కోదానికి మూడేసి బైట్లు, మొత్తం 18. ఇప్పుడు ఈ మాట పట్టుకుని నలుగురు డెవలపర్లు సైటుకు వచ్చారనుకోండి. ఫారంలో "20 అక్షరాలు దాటకూడదు" అని పెట్టేవారికి, దీన్ని ఒకటిగా లెక్కపెట్టాలా ఆరుగానా అన్నది తేలాలి. డేటాబేస్ చూసేవారికి బైట్లు కావాలి. కీబోర్డ్ యాప్ రాసేవారికి బ్యాక్‌స్పేస్ ఒకసారి నొక్కితే మొత్తం పోవాలా, చివరి గుడి దీర్ఘం ఒక్కటే పోవాలా అన్నది సమస్య. ఫాంట్ ఇంజిన్ రాసేవారికేమో త వత్తు, ర వత్తు ఎక్కడ కూర్చోవాలన్న గొడవ.

నలుగురూ డెవలపర్లే. ఒకరికి కావలసిన పేజీ మరొకరికి దండగ. అక్షరాల హద్దుల సంగతి యూనికోడ్ 29వ అనుబంధంలో ఉంటుంది. తెలుగు లిపి తీరు ప్రధాన పాఠం 12వ అధ్యాయంలో ఉంటుంది. ఫాంటులో ఏ పట్టిక ఎలా అమర్చాలన్నది అసలు యూనికోడ్‌లోనే ఉండదు, అది ఓపెన్‌టైప్ అనే ఫాంట్ ప్రమాణం పని. "డెవలపర్ల కోసం" అన్న బోర్డు పెట్టి ఈ నలుగురినీ ఒకే గుమ్మంలోంచి పంపితే ముగ్గురు దారి తప్పుతారు.

నేను పనిచేసిన ఒక చోట ఇది కళ్లారా చూశాను. పేరు నింపే గడికి 20 బైట్లు కేటాయించారు. ఇంగ్లీషులో రామకృష్ణ అని రాస్తే 11 అక్షరాలు, హాయిగా పట్టింది. తెలుగులో కంటికి నాలుగే అక్షరాలు కదా అనుకున్నారు. అవి ఎనిమిది సంకేతాలు, 24 బైట్లు. ఇరవయ్యో బైటు దగ్గర కోత పడేసరికి "రామకృష" మిగిలి, తర్వాత పొల్లులో రెండు బైట్లు వేలాడుతూ ఉండిపోయాయి. ఆ ప్రోగ్రామ్ రాసిన అబ్బాయి యూనికోడ్ సైటు చదవలేదా అంటే చదివాడు. కాకపోతే అతను చదివింది ఫాంట్లు చేసేవారికి రాసిన పేజీ.

మరి పాఠకులను దేన్ని బట్టి విడదీయాలి?

ఉద్యోగాన్ని బట్టి కాదు, చేతిలో ఉన్న పనిని బట్టి. పేజీ మూసేశాక ఆ మనిషి ఏం చేయబోతున్నారు? ఈ ప్రశ్న వేసుకుంటే గుంపులు వాటంతట అవే తేలతాయి.

ప్రమాణాల లోకంలో సాధారణంగా కనిపించేవి ఇవి. ప్రమాణాన్ని అమలు చేసేవారు: బ్రౌజర్, ఫాంట్ ఇంజిన్, డేటాబేస్ లాంటివి కట్టేవారు. అమలైనదాన్ని వాడుకుని ఇంకేదో చేసుకునేవారు: వెబ్ పేజీలు, యాప్‌లు రాసేవారు. అమలు సరిగ్గా ఉందో లేదో పరీక్షించేవారు. ప్రమాణాన్నే మార్చాలని, అందులో ఏదైనా చేర్చాలని వచ్చేవారు. చివరగా, దీన్ని మా ఆఫీసులో తీసుకోవాలా వద్దా అని తేల్చేవారు. ఈ ఆఖరివారు ఒక్క పేజీ చదువుతారు, అదీ సగమే.

వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్. దాని ప్రమాణం ఈ విషయంలో మంచి పని చేసింది. పాఠం మొదట్లోనే ఇది ఎవరి కోసమో చెబుతుంది: పేజీలు, స్క్రిప్టులు రాసేవారు, ఆ పేజీల మీద పనిచేసే పనిముట్లు కట్టేవారు, అవి నియమాల ప్రకారం ఉన్నాయో లేదో చూసుకోవాలనుకునేవారు. అక్కడితో ఆగకుండా వెబ్ డెవలపర్లకు విడిగా ఒక ఎడిషన్ కూడా పెట్టారు. బ్రౌజర్ కట్టేవారికి మాత్రమే పనికొచ్చే అల్గారిథమ్‌లు అందులో కనిపించవు. మూల పాఠం ఒక్కటే, వడకట్టి చూపిస్తారు. రెండు పాఠాలు విడివిడిగా రాసి ఉంటే ఏడాది తిరక్కుండా ఒకటి పాతబడిపోయేది.

నియమాల పాఠాన్నే సులువుగా రాసేస్తే ఈ గొడవంతా ఉండదు కదా?

కొంతవరకే. నియమాల పాఠం మొదటి పని కచ్చితంగా ఉండడం, సులువు తర్వాతి సంగతి. రెండు కంపెనీలు రెండు రకాలుగా చదువుకునే వాక్యం ఎంత తియ్యగా ఉన్నా ప్రమాణంలో పనికిరాదు. అందుకే కట్టుబడి తీరాల్సిన పాఠం ఒకటి, దాన్ని విడమరిచి చెప్పే పాఠం మరొకటి ఉంటాయి. ఏది ఏదో పాఠకుడికి చూడగానే తెలియాలి.

వెబ్‌ను అందరికీ అందుబాటులో ఉంచే డబ్ల్యూసీఏజీ ప్రమాణం దీన్ని తేటగా చేసింది. నియమాలు ఒక చోట ఉంటాయి. ఆ నియమం ఎందుకుందో చెప్పే పేజీలు ఇంకో చోట, ఎలా సాధించాలో చెప్పే మెళకువలు మరో చోట. మూడూ ఒకదానికొకటి లింకులతో అల్లుకుని ఉంటాయి.

తెలుగులో రాసేవారికి ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కుంది. ప్రమాణాల్లో తప్పనిసరి, మంచిది, ఐచ్ఛికం అని మూడు స్థాయిలు పాటిస్తారు. ఇంగ్లీషులో ఏ మాటకు ఏ స్థాయి అన్నది 1997లో ఆర్‌ఎఫ్‌సీ 2119 అనే ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం స్థిరం చేసింది, చాలా ప్రమాణాలు దాన్నే అనుసరిస్తాయి. మన "చేయాలి" ఉంది చూశారా, అది మొదటి రెంటికీ సరిపోతుంది. "రేపు పన్ను కట్టాలి" తప్పనిసరి. "పెద్దవాళ్లను పలకరించాలి" మంచి మాట. "చేయవచ్చు" ఇంకా ప్రమాదం: "సెలవు తీసుకోవచ్చు" అంటే అనుమతి, "వాన పడవచ్చు" అంటే ఊహ. నేనైతే "తప్పనిసరిగా చేయాలి", "చేయడం మంచిది", "కావాలంటే చేయవచ్చు" అని మూడింటినీ సైటు మొదట్లోనే స్థిరం చేసుకుని, ఒట్టి "చేయాలి"ని నియమాల పేజీల్లోకి రానివ్వను. చదవడానికి కాస్త బరువుగానే ఉంటుంది. అమలు చేసేవారు ఆ బరువును క్షమిస్తారు, సందిగ్ధాన్ని క్షమించరు.

తెలుగు పని మీద యూనికోడ్ పాఠం దగ్గరికి ఎవరెవరు వస్తారు?

మనం అనుకునేవారికంటే ఎక్కువమంది, అనుకోని వారు కూడా.

ఫాంట్లు గీసేవారు ముందు వరసలో ఉంటారు. వారికి కోడ్ చార్టు, అంటే ఏ సంకేతం ఏ అక్షరానిదో బొమ్మతో చూపే పట్టిక కావాలి, దాంతోపాటు ఒక హెచ్చరిక కూడా కావాలి: చార్టులో కనిపించే రూపం నమూనా మాత్రమే, అలాగే గీయాలని నియమమేమీ లేదు. ఈ ఒక్క వాక్యం కనపడక, చార్టులోని బొమ్మను అచ్చుగుద్దినట్టు దింపడానికి తంటాలు పడినవారు ఉన్నారు.

డీటీపీ ఆపరేటర్లను చాలామంది మర్చిపోతారు. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, పుస్తకాలు ఏళ్ల తరబడి అను ఫాంట్లలో కంపోజ్ అయ్యాయి. ఆ ఫైలును వేరే చోట తెరిస్తే తెలుగు ఉండదు, పిచ్చి గుర్తులు ఉంటాయి. ఎందుకంటే అక్కడ దాచింది తెలుగు అక్షరాన్ని కాదు, తెలుగు ఆకారాన్ని. వారి ప్రశ్న చాలా సూటిగా ఉంటుంది: "నా దగ్గరున్న మూడొందల పేజీల పుస్తకం యూనికోడ్‌లోకి ఎలా మార్చాలి?" ప్రమాణంలో దీనికి జవాబు లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. కానీ "అది మా పని కాదు, ఫలానా రకం కన్వర్టర్లు చేస్తాయి, మార్చాక ఇవి సరిచూసుకోండి" అని చెప్పే పేజీ ఒకటి ఉంటే మనిషి పూట మిగులుతుంది.

శాసనాలు, తాళపత్రాలు చదివేవారు, పాత పుస్తకాలు టైపు చేసేవారు మూడో గుంపు. సంఖ్యలో చిన్నది, పట్టుదలలో పెద్దది. వీరి అవసరాల కోసం తెలుగు బ్లాకులో ఖాళీ గళ్లు ఒక్కొక్కటిగా నిండుతూ వచ్చాయి. 2008లో వచ్చిన 5.1 వెర్షన్‌లో అవగ్రహం, పాత లెక్కల్లో వాడిన భిన్నాల గుర్తులు చేరాయి. 2014లో ఴ, 2021లో నకారపొల్లు ౝ వచ్చాయి. ఇలాంటి అక్షరం కావాలని వచ్చే పండితుడికి బైట్ల సంగతి అక్కర్లేదు. ప్రతిపాదన ఎలా రాయాలి, ఏ ఆధారాలు జత చేయాలి, కమిటీ ఏమడుగుతుంది అన్నవే కావాలి. అచ్చులోనో రాతిమీదో వాడినట్టు చూపే ఫొటోలు జతచేయాలన్న మాట ఆయనకు మొదటి పేరాలోనే కనపడాలి, ఆరో పేజీలో కాదు.

ఇక బల్క్ ఎస్సెమ్మెస్‌లు పంపేవారు. ఇంగ్లీషు సందేశానికి 160 అక్షరాలు పడితే తెలుగుకు 70 మాత్రమే ఎందుకని అడుగుతారు. అందులో ఒక్క "స్త్రీ"కే ఆరు పోతాయని తెలిశాక మాట్లాడకుండా వెళ్లిపోతారు.

ఫోన్‌లో డబ్బాలు కనిపిస్తున్నాయని వచ్చే మామూలు మనిషి కూడా మన పాఠకుడేనా?

వస్తారు కాబట్టి లెక్కలో ఉన్నట్టే. అలాగని సైటు వారి కోసం రాయకూడదు. వారికి కావలసింది రెండు ముక్కలు: ఇది మీ ఫోన్‌లో ఫాంట్ లేకపోవడం, యూనికోడ్ ఫాంట్లు తయారు చేయదు, ఫోన్ సెట్టింగ్‌లో ఫలానా చోట చూడండి. ఆ పేజీ గూగుల్‌లో వెతికితే దొరికేలా పెట్టి ఊరుకోండి. పాఠకుల జాబితాలో "వీరి కోసం కాదు" అన్న వరస ఒకటి ఉండడం మర్యాదతక్కువ కాదు. ఎవరిని ఎక్కడికి పంపాలో రాసిపెడితే మర్యాదే.

ఊహా పాఠకులకు పేరు, వయసు, ఫొటో పెట్టి పర్సోనాలు తయారు చేయమంటున్నారు. చేయాలా?

మీ మేనేజర్ అడిగితే చేయండి, గోడకు అంటించుకోవడానికి బాగుంటాయి. పాఠకుడికి 32 ఏళ్లని, కాఫీ ఇష్టమని తెలిస్తే పేజీలో ఒక్క వాక్యమైనా మారుతుందా? నేను వాటి బదులు వచ్చే మనిషి నోట్లోని మాటను ఉన్నదున్నట్టు రాసుకుంటాను. "నా సెర్చిలో కొన్ని మాటలు దొరకట్లేదు, అచ్చం అలాగే కనిపిస్తున్నాయి" అన్నారు ఒకరు. తీరా చూస్తే ఒక చోట ఐత్వం ఒకే సంకేతంగా, ఇంకో చోట ఎత్వం, దాని కింద తగిలే గుర్తు అని రెండు సంకేతాలుగా ఉంది. యూనికోడ్ ఆ రెండు రూపాలూ సమానమే అంటుంది, పోల్చే ముందు ఒకే రూపంలోకి తెచ్చుకోమంటుంది. దీన్ని నార్మలైజేషన్ అంటారు. ఆయనకు ఆ మాట తెలియదు, తెలిస్తే మన దగ్గరికి వచ్చేవారే కాదు. కాబట్టి పేజీ శీర్షికలో నార్మలైజేషన్ అని కాక "ఒకేలా కనిపించే మాటలు సెర్చిలో ఎందుకు దొరకవు" అని ఉండాలి. పర్సోనాలు నాకెప్పుడూ చెప్పని సంగతి ఇది.

ఎక్కువమంది చూసే పేజీకే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి కదా?

లెక్కలు చూడండి, కానీ నమ్మేయకండి. "తెలుగులో టైపు చేయడం ఎలా" అన్న పేజీకి వచ్చే జనం ముందు 29వ అనుబంధం చదివేవారు ఏ మూలకు? కానీ ఆ కొద్దిమంది రాసిన కోడ్ కోట్ల ఫోన్లలో నడుస్తుంది. వారికి ఒక వాక్యం అర్థం కాకపోతే దెబ్బ తగిలేది మనందరికీ.

2018 ఫిబ్రవరి గుర్తుందా? తెలుగులో ఒక్క అక్షరం పంపితే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. జ, పొల్లు, ఞ, తర్వాత కంటికి కనపడని సున్నా వెడల్పు సంకేతం ఒకటి, ఆపైన దీర్ఘం. ఐఓఎస్ 11.2.6 వచ్చాక సర్దుకుంది. "జ్ఞా" అని మనం రోజూ రాస్తాం, ఆ కనపడని సంకేతాన్ని దాని నడుమ ఎవరూ పెట్టరు. ఎవరూ పెట్టకపోయినా అది రాకూడని వరసేమీ కాదు, వస్తే తట్టుకోవాలి. అది డాక్యుమెంటేషన్ లోపమని నేననను. పరీక్షించేవారిని విడి పాఠకులుగా గుర్తించి, మామూలుగా రాని వరసల జాబితా వారి చేతికి ఇవ్వడం ఎంత అవసరమో అర్థం కావడానికి మాత్రం ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

అందుకే పాఠకులను తూచేటప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోండి: ఎందరు వస్తారు, వారు పొరపడితే ఎందరికి తగులుతుంది.

ఇద్దరు పాఠకుల అవసరాలు ఎదురెదురైతే?

అవుతాయి. పేర్ల దగ్గర మరీ. మనం పొల్లు అనేదాన్ని యూనికోడ్ విరామ అంటుంది. తెలుగువారికి విరామం అంటే సినిమా మధ్యలో వచ్చేది. పేరు మారుద్దామా అంటే వీల్లేదు: ఒకసారి పెట్టిన అక్షరం పేరు మార్చకూడదన్నది యూనికోడ్ కట్టుబాటు, ఎందుకంటే ఆ పేర్ల మీద ఆధారపడి ప్రోగ్రాములు నడుస్తున్నాయి. పక్కనున్న కన్నడ బ్లాకులో ఒక అక్షరానికి ఫ అని తప్పు పేరు పడింది, నిజానికది ఴ. తప్పని తెలిసినా పేరు అలాగే ఉంచి, సరైన పేరును మారుపేరుగా జతచేశారు.

ఇలాంటప్పుడు అమలు చేసేవారి మాట నెగ్గాలి, మూల పాఠం కదలకూడదు. రెండోవారికి పక్కదారి వేయాలి: తెలుగు వివరణ పేజీలో పొల్లు అనే రాయండి, యూనికోడ్ దాన్ని ఏమంటుందో ఒకసారి చెప్పండి, సైటులోని సెర్చిలో పొల్లు, హలంతం, విరామ ఏది కొట్టినా అదే పేజీకి వెళ్లేలా చూడండి.

పాత వెర్షన్ పాఠాలు ఉంచాలా? ఎవరు చదువుతారు?

తప్పనిసరిగా ఉంచాలి. ఇంతకుముందు "స్త్రీ"ని ఒక్క అక్షరంగా లెక్కపెట్టాలా అన్నాను కదా. 2023లో 15.1 వెర్షన్ వచ్చేవరకు 29వ అనుబంధం డిఫాల్ట్ నియమాల ప్రకారం అది మూడు ముక్కలు: స్, త్, రీ. ఆ వెర్షన్‌లో తెలుగుతోపాటు మరికొన్ని భారతీయ లిపుల వత్తులకు కొత్త నియమం చేరాక ఒక్కటైంది. ఇప్పుడు ఒకే కోడ్ ఒక సర్వర్‌లో 1 అని, ఇంకో సర్వర్‌లో 3 అని చెబుతుంటే తల పట్టుకునేవారు ఉన్నారు. వారి పాఠం తాజాది కాదు, వారి లైబ్రరీ ఏ వెర్షన్‌దో ఆ వెర్షన్‌ది. ప్రతి పేజీ నెత్తిన వెర్షన్ నంబరు, "ఇంతకుముందు ఎలా ఉండేది" అన్న లింకు పెట్టడం ఆ మనిషి కోసమే.

ఇంకో మాట. చాలాకాలం యూనికోడ్ ప్రధాన పాఠం పీడీఎఫ్‌గా వచ్చేది. 2024లో 16.0 నుంచి వెబ్ పేజీలుగా పెట్టారు. "ఫలానా పేరా చూడు" అని సహోద్యోగికి లింకు పంపగలగడం చిన్న విషయంగా కనిపిస్తుంది, రోజూ ఆ పని చేసేవారిని అడగండి.

సైటు మొత్తాన్ని తెలుగులోకి తేవాలా?

వద్దు. నియమాల పాఠాన్ని అనువదిస్తే రెండు పాఠాలవుతాయి, తేడా వచ్చినప్పుడు ఏది చెల్లుతుందన్న తగువు మొదలవుతుంది. అమలు చేసేవారు ఎలాగూ ఇంగ్లీషులోనే చదువుతారు. తెలుగులో ఉండాల్సినవి డీటీపీవారి పేజీ, ప్రతిపాదన రాసే పండితుల పేజీ, టైపు చేసేవారి పేజీ. ఎవరికి ఏ భాష అన్నది కూడా పాఠకుల నిర్వచనంలో భాగమే.

ఆ నిర్వచనం చివరికి ఎలా ఉండాలి? ఒక నమూనా ఇస్తారా?

అరపేజీ దాటకూడదు. దాటితే రాసినవారు కూడా మళ్లీ చదవరు. డేటాబేస్ గుంపుకు నేను రాసుకున్నది ఇది:

"వచ్చేది: తెలుగు పేర్లు, చిరునామాలు దాచే ప్రోగ్రామ్ రాసేవారు. అడిగేది: గడికి ఎంత చోటు ఇవ్వాలి? తెలిసినవి: ఎస్‌క్యూఎల్, ఇంగ్లీషు. తెలియనివి: సంకేతానికీ బైటుకూ తేడా. వెళ్లేటప్పుడు చేతిలో ఉండాల్సింది: ఒక లెక్క, ఒక పరీక్ష మాట. చూపకూడనివి: చార్టులు, లిపి చరిత్ర. పొరపడితే: మనుషుల పేర్లు తెగిపోతాయి."

చివరి వరస మానేయకండి. మీటింగుల్లో వాదన ముదిరినప్పుడు పనికొచ్చేది అదొక్కటే. మొదట్లో నేను ఇలాంటివి పదకొండు రాశాను. ఆర్నెల్ల తర్వాత చూస్తే వాడుతున్నవి ఐదు. మిగతా ఆరూ మేం ఊహించుకున్న మనుషులు, వాళ్లెవరూ ఎప్పుడూ రాలేదు.

సరిగ్గా గుర్తించామో లేదో ఎలా తెలుస్తుంది?

నిజంగా ఆ పని చేసేవారిని ఒకరిని కూర్చోబెట్టి, వారి ప్రశ్న వారి మాటల్లోనే అడగనిచ్చి, మౌస్ వారి చేతికిచ్చి మీరు నోరు మూసుకోండి. చూడాల్సింది మొదటి క్లిక్కు. అది తప్పితే తర్వాతి పేజీ ఎంత బాగా రాసినా దండగే.

మా డీటీపీ పేజీని అలాగే చూపించాం. ఇరవై ఏళ్లుగా కంపోజింగ్ చేస్తున్న ఒక పెద్దాయన హోం పేజీలో "అమలు చేసేవారికి" అన్నది నొక్కారు. అదేంటండీ అంటే, "మా ఆవిడ చెప్పింది ఇంట్లో అమలు చేసేది నేనే కదా" అని నవ్వి, "మాలాంటి వాళ్లం ఎక్కడ నొక్కాలో మీరు రాయలేదు బాబూ" అన్నారు. మర్నాడు ఆ లింకు పేరు "పాత ఫాంట్ల ఫైళ్లు మార్చడం" అని మార్చాం.